విదేశీ జీతాన్ని ఇక్కడి జీతంతో ఎలా పోల్చాలి? జీవన వ్యయం లెక్క వేసే పద్ధతి

హైదరాబాద్‌లో ఏడాదికి 30 లక్షల సీటీసీ (కంపెనీ తన మీద పెట్టే మొత్తం ఖర్చు) ఉన్న ఒక ఉద్యోగికి అమెరికాలో, డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో, ఏడాదికి 1,10,000 డాలర్ల ఉద్యోగం వచ్చిందని అనుకుందాం. డాలరును 90 రూపాయలుగా తీసుకుంటే అది 99 లక్షలు, అంటే ఇప్పటి జీతానికి మూడింతలకు పైనే. బంధువులంతా వేసే లెక్క ఇదే. ఆర్థికశాస్త్రం తెలిసిన స్నేహితుడు మాత్రం కొనుగోలు శక్తి సమానత అనే మరో లెక్క చెబుతాడు. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో సాగే అంతర్జాతీయ ధరల పోలిక కార్యక్రమం 2017 సంవత్సరానికి తేల్చిన దాని ప్రకారం, అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకులూ సేవలూ మన దేశంలో 20 రూపాయల 65 పైసలకు వస్తాయి; అదే ఏడాది మారకపు రేటు 65 రూపాయల 12 పైసలు. 30 లక్షలను 20.65తో భాగిస్తే దాదాపు 1,45,000 డాలర్లు వస్తాయి కనుక, 1,10,000 డాలర్లకు వెళ్లడం జీతం తగ్గించుకోవడమేనని ఆ స్నేహితుడి తీర్పు.

రెండింటిలోనూ గుణకారాలు, భాగహారాలు సరిగ్గానే ఉన్నాయి గానీ మీ కుటుంబం మాత్రం ఎక్కడా లేదు. మొదటి లెక్క మీరు జీతమంతా రూపాయల్లోకి మార్చి ఇక్కడే ఖర్చు పెడతారని అనుకుంటుంది. రెండోది ఒక్క డాలరు కూడా ఇంటికి పంపకుండా, దేశ సగటు మనిషి కొనే వస్తువులనే మీరూ కొంటారని అనుకుంటుంది. నిజానికి విదేశాల్లో ఉన్నవారి జీతం రెండు ముక్కలవుతుంది: అక్కడ ఖర్చయ్యే ముక్కను అక్కడి ధరలతో కొలవాలి, ఇంటికి పంపే లేదా దాచుకుని తెచ్చుకునే ముక్కను మారకపు రేటుతో కొలవాలి. కింద చెప్పే పద్ధతి అంతా ఈ రెండు ముక్కలను విడదీయడానికే.

మొదట తేల్చుకోవలసినవి

కాగితం పైభాగాన మూడు ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టుకోండి. ఎవరెవరు వెళ్తున్నారు? ఎన్నేళ్ల కోసం? మిగిలిన డబ్బు చివరికి ఏ దేశంలో ఖర్చవుతుంది? జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో దుబాయికి కూలిపనికి వెళ్లే మనిషికి కంపెనీయే గదీ భోజనమూ ఇస్తుంటే, దుబాయిలో ధరలు ఎలా ఉన్నా ఆయన లెక్కలో అవి పెద్దగా కనిపించవు; కుటుంబం ఊళ్లోనే ఉంటుంది కనుక మారకపు రేటే ఆయన అసలు రేటు. పైగా దిర్హామును 1997 నుంచి డాలరుకు 3.6725 వద్ద కట్టి ఉంచారు కాబట్టి, డాలరుతో రూపాయి పడిపోయిన ప్రతిసారీ ఆయన పంపే డబ్బు విలువ ఇక్కడ పెరుగుతుంది. అదే దుబాయిలో భార్యాపిల్లలతో కాపురం పెట్టే అకౌంటెంటుకు ఇంటి అద్దె, బడి ఫీజు కలిసి జీతంలో సింహభాగం తినేస్తాయి. నగరం ఒకటే అయినా ఇద్దరికీ ఒకే జీవన వ్యయ సూచికను చూపిస్తే ఇద్దరూ మోసపోతారు.

మీ ఇంటి పట్టీ రాయండి

విదేశీ ధరలు వెతకడానికి ముందు మీ ఇంటి ఖర్చులు మీకు తెలియాలి. చాలామంది నెలకు ఎంత ఖర్చవుతుందో నోటికి చెప్పగలమనుకుంటారు, కానీ ఆ అంకె దాదాపు ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటును, అందులోని యూపీఐ చెల్లింపులతో సహా, ముందు పెట్టుకుని అద్దె, మెయింటెనెన్స్, కిరాణా, కూరగాయలు, కరెంటు, గ్యాసు, పెట్రోలు, వంటమనిషి, పనిమనిషి, బడి, వైద్యం అని విడదీయండి. ఏడాదికి ఒక్కసారి వచ్చే బడి ఫీజు, బీమా ప్రీమియం, పండగ బట్టలు, పెళ్లిళ్లకు పెట్టే చదివింపులు వంటివాటిని పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపండి. చిట్టీకి కట్టేదీ, ఇంటి అప్పు కిస్తీలో అసలు తీరుతున్న భాగమూ ఖర్చు కాదు, పొదుపు. వాటిని వేరే వరుసలో పెట్టండి. కిస్తీలోని వడ్డీ మాత్రం ఖర్చే, పైగా మీరు ఏ దేశంలో ఉన్నా దాన్ని రూపాయల్లో కట్టాల్సిందే.

జీతాలను చేతికొచ్చే రూపంలోకి తీసుకురండి

సీటీసీని విదేశీ జీతంతో నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే అందులో యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, బీమా ప్రీమియం కూడా కలిసి ఉంటాయి. రెండు వైపులా పన్నులూ కోతలూ పోను చేతికి ఎంత వస్తుందో తేల్చాలి, కోతల్లో ఏది తిరిగి మీకే వస్తుందో గుర్తించాలి.

అమెరికాలో ఫెడరల్ ఆదాయపు పన్నుకు తోడు సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం జీతం నుంచే పోతాయి. ఫ్రిస్కో ఉన్న టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియాలో పై శ్లాబుల్లో అది 13.3 శాతం దాకా పోతుంది. అందుకే టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో వచ్చే జీతాన్నీ కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో వచ్చే జీతాన్నీ కూడా ఒకదానితో ఒకటి నేరుగా పోల్చలేం. ఇక్కడ ఒక సంగతిని చాలామంది పట్టించుకోరు. మన పీఎఫ్‌లో పడిన డబ్బు మనదే, దాన్ని పొదుపు కింద రాసుకోవచ్చు. అమెరికా సోషల్ సెక్యూరిటీ పింఛనుకు సాధారణంగా 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని ఉండాలి. భారత్‌కూ అమెరికాకూ మధ్య ఈ విషయంలో ఒప్పందం లేదు కనుక, ఐదారేళ్లకే తిరిగి వచ్చేవారు ఆ 6.2 శాతాన్ని ఖర్చు కిందే రాసుకోవడం మంచిది.

ఇంగ్లండ్‌లో 12,570 పౌండ్ల వరకు ఆదాయపు పన్ను లేదు, అక్కడి నుంచి 50,270 పౌండ్ల వరకు 20 శాతం, ఆ పైన 1,25,140 పౌండ్ల వరకు 40 శాతం. వీటికి తోడు నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రతా కోత మధ్య శ్లాబులో 8 శాతం, పై శ్లాబులో 2 శాతం. జర్మనీలో కోతలు చూసి భయపడేవారు ఆ కోతలో ఏముందో కూడా చూడాలి: ప్రభుత్వ ఆరోగ్య బీమాకు మూల రేటు 14.6 శాతం, దానికి తోడు కొంత అదనపు వాటా ఉంటుంది, ఆ మొత్తాన్ని యజమానీ ఉద్యోగీ చెరి సగం భరిస్తారు, సంపాదన లేని భార్య లేదా భర్తకూ పిల్లలకూ అదే బీమా ఉచితంగా వర్తిస్తుంది. అమెరికాలో కుటుంబమంతటికీ బీమా తీసుకుంటే ప్రీమియం పెరుగుతుంది, ఆ పైన డిడక్టిబుల్ (బీమా కంపెనీ చెల్లించడం మొదలుపెట్టే ముందు మనమే భరించేది), కో-పే (చికిత్సకు వెళ్లినప్పుడల్లా కట్టే మన వాటా) ఉంటాయి. కాబట్టి పన్ను శాతాలను మాత్రమే పక్కపక్కన పెడితే ప్రయోజనం లేదు. దుబాయిలో జీతంపై పన్ను లేదన్నది నిజమే గానీ 2018 జనవరి నుంచి 5 శాతం వ్యాట్ ఉంది, ఏడాది అద్దెలో 5 శాతం గృహ రుసుముగా కరెంటు, నీళ్ల బిల్లుతో కలిసి వస్తుంది.

అక్కడి ధరలు సేకరించే పద్ధతి

నంబియో వంటి వెబ్‌సైట్లు న్యూయార్క్‌ను 100గా తీసుకుని ఇతర నగరాలకు సూచికలు ఇస్తాయి. అవి మామూలు వాడుకరులు నమోదు చేసే ధరల మీద ఆధారపడతాయి కనుక, తొలి అంచనాకు వాడుకోండి, నిర్ణయానికి వద్దు. మెర్సర్ వంటి సంస్థల జాబితాలు బహుళజాతి కంపెనీలు తమ ఉద్యోగులను పంపేటప్పుడు భత్యం నిర్ణయించడానికి తయారైనవి. వాటిలో ఊహించుకున్న కుటుంబం ఇంట్లో పప్పు, చారు వండుకునే కుటుంబం కాదు. ఇక ది ఎకనమిస్ట్ పత్రిక 1986లో మొదలుపెట్టిన బిగ్ మ్యాక్ సూచిక (మెక్‌డొనాల్డ్స్ బర్గర్ ధరతో దేశాలను పోల్చేది) సరదాకు బాగుంటుంది, కానీ గొడ్డు మాంసం లేని మన దేశపు మెనూలో దాని బదులు చికెన్ మహరాజా మ్యాక్ ధర తీసుకోవాల్సి వచ్చిందంటే, ఒకే వస్తువును రెండు దేశాల్లో వెతకడం ఎంత కష్టమో తెలుస్తుంది.

మీరు చేయవలసింది వేరు. మీ పట్టీలో పెద్ద ఖర్చులు ఐదారింటిని గుర్తించి, వాటి ధరలను మాత్రం స్వయంగా కనుక్కోండి. అద్దెకు ఆ ఊరి అద్దె వెబ్‌సైట్లలో మీ ఆఫీసుకు దగ్గరగా ఉన్న ఇళ్లను చూడండి. కిరాణాకు అక్కడి దుకాణం వెబ్‌సైట్‌లో మీ నెల సరుకుల చీటీ మొత్తాన్ని బుట్టలో వేసి, బిల్లు కట్టే ముందు ఆగి మొత్తం రాసుకోండి. ఇంతకన్నా నమ్మదగిన సర్వే ఏదీ మీకు దొరకదు. అయితే కింది చిక్కులు చూసుకోవాలి.

కొలతలు ఒకటి కావు. మన దగ్గర బియ్యం 26 కిలోల బస్తాలో వస్తే, అమెరికాలోని ఇండియన్ స్టోరులో 20 పౌండ్ల సంచి అంటే 9 కిలోలకు కాస్త ఎక్కువ. కాబట్టి ఒక బస్తాకు దాదాపు మూడు సంచులు లెక్కపెట్టుకోవాలి. పెట్రోలు అక్కడ గ్యాలన్లలో అమ్ముతారు, అమెరికా గ్యాలను 3.785 లీటర్లు. మన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసి ఉంటాయి. అమెరికాలో బోర్డు మీద ఉన్న ధరకు బిల్లు దగ్గర అమ్మకపు పన్ను కలుస్తుంది, టెక్సస్ నగరాల్లో అది 8.25 శాతం దాకా ఉంటుంది, అయితే వండుకునే సరుకుల్లో చాలావాటికి ఆ పన్ను లేదు. హోటల్లో తింటే టిప్పు కూడా కలపాలి.

అద్దె చెప్పే తీరు కూడా దేశానికొకటి. ఆస్ట్రేలియాలో అద్దె వారానికి చెబుతారు. వారానికి 600 డాలర్లంటే నెలకు 2,400 అని నాలుగుతో గుణిస్తే తప్పు. 52తో గుణించి 12తో భాగిస్తే 2,600 వస్తుంది, అంటే ఏడాదిలో 2,400 డాలర్లు లెక్కలో జారిపోయినట్టే. జర్మనీలో ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది తరచుగా ‘చల్లని అద్దె’, అంటే హీటింగు, నీళ్లు, చెత్త రుసుములు కలపనిది. మీకు కావలసింది ‘వెచ్చని అద్దె’. ఇంగ్లండ్‌లో అద్దెతో పాటు స్థానిక సంస్థకు కౌన్సిల్ ట్యాక్సును మామూలుగా అద్దెకున్నవారే కట్టాలి.

మాయమయ్యే ఖర్చులు, కొత్తగా పుట్టే ఖర్చులు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే సూచికలన్నీ విఫలమయ్యేది ఇక్కడే. పేద దేశాల్లో సేవలు ఎందుకు చవకో 1964లో ఆర్థికవేత్తలు బెలా బలాసా, పాల్ శామ్యూల్సన్ విడివిడిగా వివరించారు. ఫోను, కారు, వంటనూనె వంటి సరుకులు దేశాల మధ్య కదులుతాయి కనుక వాటి ధరలు ఎక్కడైనా దగ్గరదగ్గరగా ఉంటాయి. వంట చేసే మనిషి, క్షవరం చేసే మనిషి, పిల్లల్ని చూసుకునే ఆయా దేశం దాటి రారు. వాళ్ల కూలి ఆ దేశపు జీతాల స్థాయిని బట్టి ఉంటుంది. ఈ మాటను మీ పట్టీ మీద పెట్టి చూడండి. మీ ఖర్చులో సేవల వాటా ఎంత ఎక్కువైతే విదేశంలో మీరు పోగొట్టుకునేది అంత ఎక్కువ. సరుకుల వాటా ఎంత ఎక్కువైతే అంత తక్కువ. ఇద్దరు పనివాళ్లు, డ్రైవరు ఉన్న కొండాపూర్ కుటుంబానికీ, అన్ని పనులూ తామే చేసుకునే కుటుంబానికీ ఒకే జీతం మీద వేర్వేరు జవాబులు రావడానికి కారణం ఇదే.

అందువల్ల పట్టీలో ప్రతి వరుసకూ అక్కడ మీరు ఏం చేస్తారో రాయాలి. వంటమనిషి వరుసకు అక్కడి వంటమనిషి ధర వెతకడం వృథా, ఎందుకంటే మీరు ఎలాగూ పెట్టుకోరు. ఆ వరుసలో సున్నా వేసి, పక్కన మీ సమయం ఎన్ని గంటలో రాసుకోండి. మూడేళ్ల పాపకు మాత్రం సున్నా వేయలేరు. డే కేర్ అమెరికా పట్టీలో అద్దె తర్వాత అంతటి పెద్ద అంకె కావచ్చు. అదే పాపకు ఐదేళ్లు వచ్చి ప్రభుత్వ బడిలో చేరితే ఫీజు ఉండదు, ఇక్కడేమో అప్పటి నుంచే ఫీజు ఏటా పెరుగుతూ పోతుంది. దుబాయిలో ఇది తలకిందులు: విదేశీయుల పిల్లలు ఎక్కువగా ప్రైవేటు బడులకే వెళ్తారు కనుక బిడ్డ పెరిగిన కొద్దీ ఖర్చూ పెరుగుతుంది. ఇక డల్లాస్ శివార్లలో కారు లేకుండా రోజు గడవదు, ఇద్దరు పెద్దవాళ్లుంటే చాలా ఇళ్లలో రెండు కార్లు. లండన్‌లోనో బెర్లిన్‌లోనో ఆ వరుసను రైలు పాసుతో సరిపెట్టవచ్చు.

ఇండియాలో మిగిలిపోయే ఖర్చులను మరిచిపోకండి. అమ్మానాన్నల మందులు, వాళ్ల బీమా, ఇంటి అప్పు, రెండేళ్లకోసారి కుటుంబమంతా వచ్చి వెళ్లే విమాన టికెట్లు, వచ్చినప్పుడు తెచ్చే కానుకలు, ఇవన్నీ విదేశీ పట్టీలోనే రాయాలి.

లెక్క కట్టి చూద్దాం

మొదట చెప్పిన ఉద్యోగి విషయానికి వద్దాం. ఆయనకు భార్య, మూడేళ్ల పాప ఉన్నారనుకుందాం. కింది ఖర్చులు పద్ధతిని చూపడానికి నేను అనుకున్నవి. మీవి మీరు వేసుకోవాలి. హైదరాబాద్‌లో నెలకు చేతికి 1,85,000 రూపాయలు వస్తున్నాయి. అద్దె 40,000, సరుకులు 20,000, బడి 12,000, పనివాళ్లకు 10,000, కారు 12,000, కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లు 8,000, తల్లిదండ్రుల బీమా 5,000, మిగతావన్నీ 23,000, మొత్తం 1,30,000. మిగిలేది 55,000.

ఫ్రిస్కోలో 1,10,000 డాలర్ల జీతంలో కుటుంబ బీమా ప్రీమియం ఏడాదికి 7,200 అనుకుందాం. మిగిలిన 1,02,800 మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం అంటే 7,864 డాలర్లు. దంపతులు కలిసి రిటర్ను దాఖలు చేస్తే 2025 ప్రామాణిక మినహాయింపు 31,500 పోను ఫెడరల్ పన్ను సుమారు 8,079. నెలకు చేతికి వచ్చేది 7,200 డాలర్లకు కాస్త ఎక్కువ. అద్దె 1,800, కరెంటు, నీళ్లు, ఫోన్లు 350, సరుకులు 800, కారు కిస్తీ, బీమా, పెట్రోలు 900, డే కేర్ 1,300, వైద్యానికి చేతి నుంచి పెట్టేది 200, ఇండియా ఖర్చులతో కలిపి మిగతావి 650, మొత్తం 6,000. మిగిలేది 1,200 డాలర్లు, అంటే 90 రేటుకు 1,08,000 రూపాయలు.

అంటే జీతం మూడింతలకు పైగా పెరిగినా పొదుపు దాదాపు రెండింతలే అయింది. మారకపు రేటుతో మార్చింది మొత్తం జీతాన్ని కాదు, మిగిలిన 1,200 డాలర్లను మాత్రమేనని గమనించండి. ఖర్చు చేసిన 6,000 డాలర్లను రూపాయల్లోకి మార్చి గుండె బాదుకోవలసిన పని లేదు; ఆ డబ్బుకు ఎలాంటి ఇల్లు, ఎంత తిండి, ఏ బడి వచ్చాయన్నదే చూడాలి. అక్కడ దిగిన మొదటి నెలల్లో కప్పు కాఫీని కూడా రూపాయల్లో లెక్కపెట్టి తాగకుండా వెనక్కి వచ్చిన వాళ్లు మనలో తక్కువేమీ కాదు.

ఇప్పుడు రెండు మార్పులు చేయండి. పాప ప్రభుత్వ బడిలో చేరిన ఏడాదికి డే కేర్ 1,300 తీసేస్తే నెలకు 2,500 డాలర్లు మిగులుతాయి, అది 2,25,000 రూపాయలు, ఇక్కడి పొదుపుకు నాలుగింతలు. రెండో మార్పు ఎదురు దిశలో లాగుతుంది. హైదరాబాద్‌లో భార్య కూడా నెలకు 75,000 ఇంటికి తెస్తున్నదని అనుకోండి. హెచ్1బీ మీద వెళ్లిన భర్తతో హెచ్4 వీసా మీద వెళ్తే, భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటే దాకా ఆమెకు సాధారణంగా పనిచేసే అనుమతి రాదు. అప్పుడు ఇక్కడి పొదుపు 1,30,000, డే కేర్ ఖర్చు అలాగే ఉంటే అక్కడిది 1,08,000. వెళ్లడం వల్ల నెలకు 22,000 తగ్గుతుంది. పోలికలో రెండో జీతాన్ని మరిచిపోవడం నేను చూసిన లెక్కల్లోకెల్లా ఖరీదైన పొరపాటు.

ఒక్కసారి పెట్టే ఖర్చులు

వీసా రుసుములు, టికెట్లు, ఇంటి అడ్వాన్సు, మొదటి నెల సామాను, కారుకు ముందుగా కట్టేది వేరే కాగితం మీద రాసి, అక్కడ ఉండబోయే నెలలతో భాగించండి. బ్రిటన్ వెళ్లేవారికి ఇది చిన్న మొత్తం కాదు. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడి ఆరోగ్య సర్‌ఛార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, 18 ఏళ్ల లోపు పిల్లలకు 776. మినహాయింపు లేని వీసా మీద దంపతులూ ఒక బిడ్డా మూడేళ్లకు వెళ్తే 8,538 పౌండ్లు వీసా దరఖాస్తు రోజునే కట్టాలి. కంపెనీ భరిస్తుందో లేదో ఆఫర్ లెటర్‌పై సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి. గల్ఫ్‌లో అయితే ఎదురు వచ్చేది కూడా ఒకటుంది: యూఏఈలో ఏడాది నిండిన ఉద్యోగికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల, ఆపైన 30 రోజుల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. ఇది మూల వేతనం మీదే కనుక, భత్యాలను పెంచి మూల వేతనాన్ని తగ్గించి చూపే ఆఫర్‌ను జాగ్రత్తగా చదవాలి.

చివరగా, లెక్కను వెనక్కి తిప్పండి

డాలరును 90కి బదులు 80గా, 100గా పెట్టి మళ్లీ వేయండి. మారకపు రేటు మారితే జవాబు తారుమారవుతోందంటే మీ లాభమంతా రూపాయి పతనం మీద నిలబడి ఉందని అర్థం. తర్వాత ప్రశ్నను తిరగేయండి: ఇక్కడ మిగులుతున్నంత అక్కడా మిగలాలంటే ఎంత జీతం ఉండాలి? భార్య ఉద్యోగం ఉన్న ఉదాహరణలో నెలకు 22,000 రూపాయలు తక్కువ పడ్డాయి, అంటే దాదాపు 245 డాలర్లు, ఏడాదికి 2,940. ఆ శ్లాబులో పెరిగే ప్రతి డాలరులో 12 శాతం పన్ను, 7.65 శాతం కోత పోతాయి కనుక 2,940ని 0.8035తో భాగించాలి; సుమారు 3,660 వస్తుంది. కాబట్టి 1,13,700 డాలర్ల దగ్గర రెండు వైపులా సమానం. జీతం గురించి హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు ఇది మీ దగ్గర ఉండాల్సిన అంకె. అంతకన్నా ఎంత ఎక్కువ వస్తే ఊరు వదలడానికి సిద్ధపడతారో భార్యాభర్తలు కూర్చుని, ఫోను ఎత్తకముందే తేల్చుకోండి.